1686లో ఫ్రాన్స్ రాజుకి ఫిస్టులా ఆపరేషన్. మరి చైనా చక్రవర్తికి జబ్బు చేస్తే ఏం చేసేవాళ్ళు?

నిడదవోలు అమ్మాయి:

అందరికీ నమస్కారం. కాస్త ఇబ్బందిగా ఉండే విషయమే, అయినా అడుగుతున్నాను. మా నాన్నగారికి పోయిన నెల ఫిస్టులా ఆపరేషన్ అయింది. మా అమ్మమ్మ దీన్ని భగందరం అంటుంది. ఎనిమిది నెలల పాటు ఆయన ఎవరికీ చెప్పలేదు, అమ్మకి కూడా. నిలబడి అన్నం తినడం, బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోకపోవడం, ఇవన్నీ చూస్తూనే ఉన్నాం కానీ నడుం నొప్పి అనుకున్నాం. చివరికి పంచెలు ఉతుకుతుంటే అమ్మకి చీము మరకలు కనిపించాయి, అప్పుడు బయటపడింది. వెన్నుకి మత్తు ఇచ్చి చేశారు, మర్నాడు ఇంటికి పంపించేశారు. ఇప్పుడు రోజుకి రెండుసార్లు గోరువెచ్చటి నీళ్ళ టబ్బులో కూర్చుంటున్నారు, పుండు మెల్లగా మానుతోంది.

ఆయన పక్కన కూర్చుని ఫోన్లో ఈ జబ్బు గురించి చదువుతుంటే ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి కూడా ఇదే ఆపరేషన్ జరిగిందని తెలిసింది. 1686 నవంబర్ 18న, పారిస్ దగ్గర వెర్సాయ్ రాజప్రాసాదంలో, మత్తు అన్నదే లేని రోజుల్లో. అంతకన్నా నాకు మనసులో నిలిచిపోయింది ఏంటంటే, మా నాన్న కట్టుకున్న భార్యకి చెప్పుకోలేక దాచుకున్న బాధ ఆ రాజు విషయంలో ఊరూవాడా తెలిసిపోయింది. ఆయన ఒంట్లో ఏం జరిగినా రాసిపెట్టడానికి వైద్యులు ఒక పుస్తకమే పెట్టారట, 1647 నుంచి 1711 దాకా, ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు. జ్వరాలు, పళ్ళ నొప్పులు, ఎన్నిసార్లు విరేచనానికి మందిచ్చారు, అన్నీ అందులో ఉన్నాయి.

నా ప్రశ్నలు రెండు. అన్ని మంది వైద్యులు చుట్టూ ఉండి కూడా ఆ రాజులు అంత బాధ ఎందుకు పడ్డారు? చైనాలో ఎలా ఉండేది, అక్కడ కూడా చక్రవర్తి ఒంటి సంగతి ఇలా అందరికీ తెలిసేదా, అసలు ఆయన్ని ముట్టుకుని చూసేవాళ్ళా? చదివినవాళ్ళు ఎవరైనా వివరంగా చెప్పండి, తొందరేం లేదు.

ఓటీ సిస్టర్:

అమ్మాయ్, ముందు నాన్నగారికి చెప్పు, ఆ నీళ్ళల్లో కూర్చోవడం మానొద్దని. పుండు పైన మూసుకున్నట్టు కనిపించగానే చాలామంది ఆపేస్తారు, లోపల మళ్ళీ చీము పడుతుంది. పంతొమ్మిదేళ్ళుగా ఆపరేషన్ థియేటర్లో పనిచేస్తున్నాను, ఈ కేసులు లెక్కలేనన్ని చూశాను. దాదాపు అందరూ మీ నాన్నగారిలాగే ఆలస్యంగా వస్తారు.

లూయీ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే మా చదువులో సర్జరీ చరిత్ర చెప్పిన మేడమ్ ఒక క్లాసంతా దీని మీదే తీసుకున్నారు. మలద్వారం పక్కన చీముగడ్డ లేచి పగిలితే లోపలి నుంచి చర్మం దాకా సన్నటి దారి ఒకటి పడిపోతుంది, అదే ఫిస్టులా. పైన ఎన్ని పూతలు పూసినా ఆ దారి పూడదు. దాన్ని పొడుగునా కోసి తెరిచి, అడుగు నుంచి మాననివ్వాలి. ఇప్పుడు మనం చేసేదీ, అప్పుడు వాళ్ళు చేసిందీ మూలంలో ఒకటే. మన ఆయుర్వేదంలో క్షారసూత్రం అని మందు పూసిన దారం కడతారు చూడు, అది కూడా ఆ దారిని మెల్లమెల్లగా కోసుకుంటూ మాన్పించేదే.

లూయీకి గడ్డ లేచింది 1686 జనవరి ప్రాంతంలో. నెలల తరబడి పట్టీలు వేశారు, కాల్చారు, ఏమీ తగ్గలేదు. గుర్రం ఎక్కలేడు, కూర్చోలేడు. చివరికి షార్ల్-ఫ్రాన్స్వా ఫెలిక్స్ అనే సర్జన్ కోస్తే తప్ప తగ్గదన్నాడు. అయితే ఆయనకి ఈ ఆపరేషన్ మీద చెయ్యి తిరగలేదు. అందుకని వ్యవధి అడిగి, పారిస్ ఆస్పత్రుల్లో ఇదే జబ్బున్న పేదవాళ్ళ మీద నెలల పాటు సాధన చేశాడు. అలా చేస్తూ చేస్తూ ఒక కొత్త కత్తి చేయించుకున్నాడు. వంపు తిరిగి ఉంటుంది, కొస సన్నటి కడ్డీలా సాగి ఉంటుంది. ఆ కొసని ఫిస్టులా దారిలోకి దూర్చి అవతల నుంచి బయటికి తీసి ఒక్క లాగు లాగితే మధ్యలో ఉన్నదంతా తెగి తెరుచుకుంటుంది. ఎక్కువసేపు పట్టకూడదని అలా ఆలోచించాడు, ఎందుకంటే అవతల మనిషికి తెలివి ఉంటుంది, ప్రతి కోతా తెలుస్తుంది. ఆ కత్తి ఇప్పటికీ పారిస్‌లోని వైద్య చరిత్ర మ్యూజియంలో భద్రంగా ఉంది.

ఆ రోజు పొద్దున్న ఏడింటికి చేశారు. గదిలో ఉన్నది కొద్దిమందే, రాజు రహస్యంగా పెళ్ళి చేసుకున్న మాదామ్ ద మాంతెనోన్, మంత్రి లువ్వా, రాజు పాపనివేదన వినే గురువు, వైద్యులు. లూయీ అరవలేదని చెప్తారు. సాయంత్రానికే మంచం మీద నుంచి మంత్రులతో సమావేశం జరిపాడు. డిసెంబర్లో పుండు సరిగ్గా మానక మళ్ళీ కోశారు, అది మొదటి దానికన్నా బాధ పెట్టి ఉంటుంది, నా అనుభవంలో రెండోసారి టేబుల్ ఎక్కే పేషెంటు కళ్ళే వేరుగా ఉంటాయి. జనవరికి కోలుకున్నాడు. ఫెలిక్స్‌కి బోలెడంత డబ్బూ భూమీ దక్కాయి, సర్జన్లకి గౌరవం పెరిగింది. అప్పటిదాకా పారిస్‌లో సర్జన్లూ క్షురకులూ ఒకే సంఘంలో ఉండేవాళ్ళు, 1743లో పదిహేనో లూయీ వాళ్ళని వేరు చేశాడు. ఆ ఏడాదంతా ఆస్థానంలో ఈ ఆపరేషన్ గొప్పదనంగా మారి, ఏ చిన్న పుండు ఉన్నవాళ్ళయినా మాకూ చెయ్యమని సర్జన్ల వెంట పడ్డారంటే నమ్ము.

నీ మొదటి ప్రశ్నకి నా జవాబు ఇది. వైద్యులు ఎక్కువమంది ఉన్నారంటే చూసే కళ్ళు ఎక్కువ ఉన్నాయని కాదు. 1715 ఆగస్టులో ఇదే రాజుకి కాలు నొప్పి వచ్చింది. ప్రధాన వైద్యుడు ఫాగోన్ సయాటికా, అంటే నడుం నుంచి కాలికి దిగే నరం నొప్పి అన్నాడు, ఆ మాట మీదే ఉండిపోయాడు. కాలి మీద నల్లమచ్చలు కనిపించేసరికి కుళ్ళు పైకి పాకిపోయింది. గాడిదపాలు తాగించారు, మూలికలు కలిపిన ద్రాక్షసారాలో కాలు ముంచారు. సెప్టెంబర్ 1న పోయాడు, ఇంకో నాలుగు రోజులైతే డెబ్బై ఏడు నిండేవి. కాలి రంగు మారుతుంటే పక్కనున్న చిన్న డాక్టరుకో నర్సుకో తెలియకుండా ఉండదు. కానీ పెద్దాయన ఒక మాట అన్నాక కాదు అనే ధైర్యం కావాలి కదా. ఇది మా వార్డుల్లో ఇప్పటికీ చూస్తాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

పాత కాగితాలు:

సిస్టర్ గారు చెప్పింది బాగుంది. నేను చైనా వైపు చెప్తాను. అక్కడ రెండేళ్ళు చదువుకున్నాను, ముఖ్యంగా చైనా చివరి రాజవంశం చింగ్ కాలం.

ముట్టుకునేవాళ్ళా అంటే, మణికట్టు దగ్గర నాడి మటుకు ముట్టుకునేవాళ్ళు. రాజవైద్యశాల వైద్యులు మోకాళ్ళ మీద కూర్చుని నాడి చూసి, అది ఎలా నడుస్తోందో, ఏం మందు రాశారో కాగితం మీద పెట్టేవాళ్ళు. ఆ కాగితాలు చింగ్ కాలానివి చాలా మిగిలాయి, కాబట్టి రాసిపెట్టడంలో వాళ్ళు ఫ్రాన్స్‌కి ఏమీ తీసిపోలేదు. తేడా ఎక్కడంటే లూయీ లేవడం, పడుకోవడం కూడా ఆస్థానం ముందు ఒక వేడుకలా జరిగేది, చైనా చక్రవర్తి ఒళ్ళు గోడల వెనక ఉండేది. చింగ్‌కి ముందు ఏలిన మింగ్ వంశం చక్రవర్తి వాన్‌లీ దశాబ్దాల తరబడి సభకే రాలేదు. బద్ధకం, సోమరితనం అని చరిత్రకారులు తిట్టారు. 1956లో ఆయన సమాధి తవ్వడం మొదలుపెట్టారు, ఎముకలు చూస్తే ఒక కాలు ఇంకో కాలి కన్నా పొట్టిగా ఉంది. నడవడమే కష్టమైన మనిషి అంతమంది ముందు నడవలేక మానేశాడేమో అని నాకనిపిస్తుంది, ఇది నా ఊహే. ఆ ఎముకలు కూడా ఇప్పుడు లేవు, 1966లో మావో సాంస్కృతిక విప్లవం కుర్రాళ్ళు, రెడ్ గార్డులు తగలబెట్టేశారు.

మీరు లూయీ గురించి అడిగారు కాబట్టి ఆయన కాలంవాడే అయిన చింగ్ చక్రవర్తి కాంగ్‌షీ గురించి చెప్పాలి. వీళ్ళిద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు గానీ ఒళ్ళు మటుకు ఒకేలా దెబ్బతిన్నాయి. లూయీకి తొమ్మిదేళ్ళప్పుడు, 1647లో, మశూచి వచ్చింది. కాంగ్‌షీకి కూడా చిన్నప్పుడే వచ్చింది, మొహం మీద మచ్చలు మిగిలాయి. ఆ మచ్చలే ఆయన్ని చక్రవర్తిని చేశాయి. 1661లో తండ్రి షున్‌జీ ఇరవై రెండేళ్ళకే మశూచితో పోతుంటే వారసుడు ఎవరన్న ప్రశ్న వచ్చింది. ఒకసారి మశూచి వచ్చి బతికినవాడికి మళ్ళీ రాదు, ఈ పిల్లవాణ్ణి పెట్టండి అన్న ఆలోచన గెలిచింది. ఆస్థానంలో ఉన్న జర్మన్ జెసూట్ (క్రైస్తవ మతగురువు) ఆడమ్ షాల్ కూడా అదే సలహా ఇచ్చాడు. ఆరేళ్ళ పిల్లవాడు కాంగ్‌షీ సింహాసనం ఎక్కి 1722 దాకా అరవై ఒక్క ఏళ్ళు ఏలాడు.

చింగ్ వంశంవాళ్ళు మంచూలు, ఉత్తరం నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళకి ఈ జబ్బు కొత్త, అందుకే అంత భయం. మశూచి రాని మంగోల్ నాయకులని బీజింగ్‌కి రానిచ్చేవాళ్ళు కాదు, గోడ అవతల చల్లటి ఊళ్ళో కలిసేవాళ్ళు. కాంగ్‌షీ తన పిల్లలందరికీ మశూచి వేయించాడు. అప్పటి పద్ధతి ఏంటంటే ఎండిన పొక్కుల పెచ్చులని పొడి చేసి గొట్టంతో ముక్కులోకి ఊదడం. ముసలివాళ్ళు ఇదేం వింత అన్నారనీ, తను పట్టుబట్టి చేయించాననీ, ముందు ఒకరిద్దరి మీద చూశాకే చేయించాననీ ఆయనే తన పిల్లలకి చెప్పుకున్నాడు.

1693లో ఆయనకి మలేరియా పట్టుకుంది. ఆస్థాన వైద్యుల మందులు పనిచేయలేదు. అప్పుడు సింకోనా బెరడు, అదే క్వినైన్ తీసే చెట్టు బెరడు, ఇచ్చింది ఫోంతనే అనే ఫ్రెంచి జెసూట్, ఆయన్ని 1685లో చైనాకి పంపింది ఎవరనుకున్నారు, మీ పద్నాలుగో లూయీయే. ఆ బెరడుని కూడా నేరుగా చక్రవర్తికి ఇవ్వలేదు. ముందు జ్వరం ఉన్న వేరేవాళ్ళకి పట్టించారు, వాళ్ళకి తగ్గింది. తర్వాత నలుగురు పెద్ద అధికారులు తాము తాగి చూశారు, ఏమీ కాలేదు. ఆ తర్వాతే చక్రవర్తి తాగాడు, జ్వరం దిగింది. ఆ జెసూట్లకి బీజింగ్ రాజనగరంలో ఇల్లూ చర్చికి స్థలమూ ఇచ్చాడు.

సిస్టర్ గారు పారిస్ పేదవాళ్ళ సంగతి చెప్పినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. రాజు ఒంటి కన్నా ముందు ఎవరివో ఒళ్ళు వరసలో నిలబడ్డాయి, పారిస్‌లోనూ, బీజింగ్‌లోనూ. రాజుల జబ్బుల గురించి చదివినప్పుడల్లా నేను వెతికేది ఆ మనుషుల కోసమే.

సీమబిడ్డ:

ఇంత జాలి ఎందుకో నాకర్థం కాదు అక్కా. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ నడుం చుట్టుకొలత చివరి కవచంలో యాభై అంగుళాలు దాటింది, తిండి, తాగుడు. చైనాలో చక్రవర్తులు చావకుండా ఉండాలని పాదరసం కలిసిన గుళికలు మింగి చచ్చారు. తాంగ్ వంశంలోనే షియన్‌జోంగ్, ముజోంగ్, వూజోంగ్ ఆ గుళికల జోలికి పోయినవాళ్ళే. జనం ఆకలితో చస్తుంటే వీళ్ళకి అమరత్వం కావాలి. వాళ్ళ బాధ వాళ్ళు కొనితెచ్చుకున్నదే అని నా అభిప్రాయం.

డాలస్ సుగుణ:

సీమబిడ్డ గారూ, హెన్రీ విషయంలో ఒక్క మాట. 1536 జనవరిలో గుర్రం మీద ఈటెల ఆటలో కింద పడ్డాడు, కవచంతో ఉన్న గుర్రం కూడా పడింది. కాలి మీద పుళ్ళు ఆ తర్వాత మానలేదు, నడక తగ్గింది, ఒళ్ళు పెరిగింది. తిండి ఒక్కటే కారణం కాదు. అయినా నేను రాయాలనుకున్నది ఆయన గురించి కాదు. కొనితెచ్చుకున్నది అన్నారు కాబట్టి, ఏమీ కొనితెచ్చుకోని ఒకడి గురించి రాస్తాను, స్పెయిన్ రాజు రెండో చార్లెస్.

మా అమ్మ మా నాన్నకి సొంత అక్క కూతురు. మన వైపు ఇది కొత్త విషయం కాదు, ఎవరూ వింతగా చూడరు. నేను కడుపుతో ఉన్నప్పుడు ఇక్కడ జెనెటిక్ కౌన్సెలర్ మా వంశవృక్షం గీయమంది. నేను గీస్తుంటే ఒక చోట గీత పైకి పోకుండా పక్కకి తిరిగి మళ్ళీ అదే పేరు దగ్గరికి వచ్చింది. ఆమె ఏమీ అనలేదు, పెన్సిల్‌తో ఆ చోట దగ్గరి రక్తంలో పెళ్ళి అన్నదానికి గుర్తుగా రెండు గీతలు గీసింది. ఆ రెండు గీతలు చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, టెన్షన్‌తో కూర్చుని దీని గురించి చదువుతుంటే ఈ చార్లెస్ ఎదురయ్యాడు.

ఆయన తండ్రి నాలుగో ఫిలిప్ మొదటి భార్యా పోయింది, కొడుకు బల్తసార్ కార్లోస్ 1646లో పోయాడు. ఆ కొడుక్కి అనుకున్న పిల్ల మరియానా, అంటే ఫిలిప్ చెల్లెలి కూతురు. కొడుకు పోయాడు కాబట్టి 1649లో ఆ పిల్లని తండ్రే చేసుకున్నాడు. మేనమామకి నలభై నాలుగు, పిల్లకి పద్నాలుగు. ఐదుగురు పిల్లలు పుడితే పెద్దయ్యేదాకా బతికింది ఇద్దరు. ఆ ఇద్దరిలో కూతురు మార్గరీతాని మళ్ళీ వాళ్ళమ్మ తమ్ముడు, చక్రవర్తి లియోపోల్డ్‌కిచ్చి చేశారు. ఆ అమ్మాయి వరస కాన్పులతో ఇరవై ఒక్క ఏళ్ళకే పోయింది. మిగిలింది చార్లెస్, 1661లో పుట్టాడు. మాటలూ నడకా చాలా ఆలస్యంగా వచ్చాయి, దవడ ముందుకు పొడుచుకొచ్చి నమలడం కష్టమయ్యేది, రెండు పెళ్ళిళ్ళయినా పిల్లలు లేరు. దయ్యం పట్టిందన్నారు, చేతబడి అన్నారు, మంత్రాలు వేయించారు. ఇప్పటికీ ఆయన్ని చేతబడి తగిలిన రాజు అనే పిలుస్తారు.

2009లో స్పెయిన్ శాస్త్రవేత్తలు ఆ వంశం పెళ్ళిళ్ళన్నీ లెక్కవేశారు. రెండు వందల ఏళ్ళలో పదకొండు పెళ్ళిళ్ళు, అందులో తొమ్మిది దగ్గరి రక్తంలోనే. ఒక్క తరంలో మేనమామ మేనకోడలు చేసుకుంటే పుట్టే బిడ్డకి, తల్లిదండ్రుల రక్తం ఎంత దగ్గరో చెప్పే లెక్క 0.125 వస్తుంది, చార్లెస్‌కి 0.254 వచ్చింది. అన్నా చెల్లెలికి పుట్టిన బిడ్డ కన్నా కాస్త ఎక్కువ. అంటే ఒక్క పెళ్ళి చేసిన పని కాదిది, రాజ్యం చేతులు మారకూడదని తరతరాలుగా అదే ఇంట్లో తిప్పి తిప్పి చేసిన పని. మన ఇళ్ళల్లో పొలం పరాయివాళ్ళకి పోకూడదని చేసే మేనరికాల గురించి ఎవరూ ఇలా లెక్క వెయ్యరు, నాకు ఆ లెక్క వేసి చూపించినావిడకి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. మా పాప బాగుంది.

1700 నవంబర్ 1న చార్లెస్ పోయాడు, ముప్పై తొమ్మిది నిండలేదు. పిల్లలు లేరు కాబట్టి రాజ్యాన్ని పద్నాలుగో లూయీ మనవడికి రాసిచ్చాడు, దాని మీద 1701 నుంచి 1714 దాకా యూరప్ అంతా కొట్టుకుంది. ఇందులో ఆయన చేసిన తప్పేముందో చెప్పండి.

సీమబిడ్డ:

సుగుణ గారూ, ఈ కథ నాకు తెలియదు. నేను తొందరపడి అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. గుళికలు మింగినవాళ్ళ విషయంలో మాత్రం నా అభిప్రాయం అదే.

నిడదవోలు అమ్మాయి:

అందరికీ ఎంత థాంక్స్ చెప్పినా చాలదు. పాత కాగితాలు గారు రాసిన మశూచి భాగం మా అమ్మమ్మకి చదివి వినిపించాను. ఆవిడకి ఏడేళ్ళప్పుడు అమ్మవారు పోసింది, బుగ్గల మీద మచ్చలు ఇంకా ఉన్నాయి. ఆ చైనా పిల్లాడికి కూడా వేపమండలు వేసి పడుకోబెట్టారా అని అడిగింది. ఇంకో ప్రశ్న, మీరిద్దరూ చెప్పిన ఆ ముందు వరసలో నిలబడ్డ మనుషుల గురించి ఇంకేమైనా తెలిస్తే రాయండి. పేదవాళ్ళే ఎప్పుడూ ముందు నిలబడ్డారా?

ఓటీ సిస్టర్:

ఖైదీలు కూడా. 1721 ఆగస్టులో లండన్ న్యూగేట్ జైల్లో ఉరిశిక్ష పడిన ఆరుగురికి, ముగ్గురు మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళు, మశూచి ఎక్కించి చూశారు. బతికితే వదిలేస్తాం అన్నారు. ఆరుగురూ బతికారు, వదిలేశారు. తర్వాత అనాథ పిల్లల మీద చూశారు. అదంతా అయ్యాక 1722 ఏప్రిల్లో యువరాణి కరోలీన్ తన ఇద్దరు కూతుళ్ళకి వేయించింది. బిడ్డ కోసం తల్లి పడే భయం నాకు తెలుసు, నేను తల్లినే. కానీ ఆ అనాథ పిల్లల తరఫున భయపడటానికి ఆ గదిలో ఎవరున్నారు చెప్పు?

రష్యాలో 1768లో మహారాణి కేథరీన్ వేయించుకుంది. ఇంగ్లండ్ నుంచి డిమ్స్‌డేల్ అనే డాక్టరు వచ్చాడు. ఆవిడకి ఏమైనా అయితే జనం తనని బతకనివ్వరని, సరిహద్దు దాటించడానికి బళ్ళు సిద్ధంగా ఉంచారు. ఆవిడకి ఎక్కించిన పొక్కు రసం అలెగ్జాండర్ మార్కోవ్ అనే చిన్న పిల్లాడి ఒంటి నుంచి తీశారు. వాడికి ప్రభువుల హోదా ఇచ్చి, ఇంటిపేరుకి ఆస్పెన్నీ అని తగిలించారు, రష్యన్లో మశూచి అన్న మాట నుంచి వచ్చింది. ఆ వరసలో నిలబడ్డవాళ్ళలో పేరు నిలిచింది నాకు తెలిసి ఆ పిల్లాడికే.

ఒక్కోసారి వైద్యుడి చేతికి చిక్కకపోవడమే బతికించింది. 1712లో వెర్సాయ్‌లో తట్టు వచ్చి లూయీ మనవడూ, ఆయన భార్యా, వాళ్ళ పెద్ద కొడుకూ రోజుల తేడాలో పోయారు. పెద్ద పిల్లాడికి వైద్యులు నెత్తురు తీశారు. చిన్నవాడికి రెండేళ్ళు. వాణ్ణి పెంచుతున్న మాదామ్ ద వాంతదూర్ వైద్యులని దగ్గరికి రానివ్వలేదు, నెత్తురు తీయనివ్వలేదు, వెచ్చగా పెట్టుకుని కూర్చుంది. వాడు బతికి పదిహేనో లూయీ అయ్యాడు. జీవితాంతం ఆవిణ్ణి అమ్మా అనే పిలిచాడు. ఆ రెండేళ్ళవాడే 1774లో అరవై నాలుగేళ్ళ వయసులో మశూచితో పోయాడు. టీకా వేయించుకోని ముసలాయన. ఆయన పోయిన నెలకే మనవడు పదహారో లూయీ వేయించుకున్నాడు.

పాత కాగితాలు:

అమ్మమ్మగారికి నా నమస్కారం చెప్పండి. చైనాలో కూడా మశూచికి ఒక అమ్మవారు ఉంది, పొక్కుల అమ్మ అని పూజించేవాళ్ళు. వేపమండల మాట చెప్పలేను గానీ, ఆ పిల్లాడు కోటలో కాక బయట ఇంట్లో దాదుల చేతుల మీద పెరిగాడు, జబ్బు అంటకూడదనే అలా పెట్టారు. అందులో ఒక దాది సున్ ఇంటి ఆవిడ. ఆవిణ్ణి చక్రవర్తి అయ్యాక కూడా మర్చిపోలేదు, ఆవిడ కొడుకుని పెద్ద పదవిలో పెట్టాడు.

ముందు వరసలో పేదవాళ్ళే కాదు, వైద్యులూ ఉన్నారు. మింగ్ చక్రవర్తి జియాజింగ్ సీమబిడ్డ గారు చెప్పిన గుళికల మనిషే. గుళికల తయారీకి చిన్న వయసు పనిపిల్లలని ఎంత హింస పెట్టాడంటే, 1542లో ఒక రాత్రి పదహారు మంది పనిపిల్లలు కలిసి నిద్రలో ఆయన మెడకి గుడ్డ బిగించారు. కంగారులో ముడి తప్పు పడి బిగుసుకోలేదు. వాళ్ళందరినీ ముక్కలుగా కోసి చంపించారు. నాకు చరిత్రలో తలుచుకోవడానికే కష్టమనిపించే రాత్రుల్లో అదొకటి.

చక్రవర్తికి అప్పటికి ఊపిరి ఆగినట్టే ఉంది. షూ షెన్ అనే రాజవైద్యుడు చాలా ఘాటైన మందు పోశాడు. పొద్దున్న ఎనిమిది ప్రాంతంలో పోస్తే మధ్యాహ్నం దాటాక గొంతులోంచి శబ్దం వచ్చింది, ముద్దలు ముద్దలుగా ఊదారంగు నెత్తురు పడింది, ఆ తర్వాత మాట వచ్చింది. ఆ ఐదారు గంటలు షూ షెన్ ఏం చేశాడో ఊహించండి. మందు పనిచేయకపోతే తల పోతుందని తెలుసు. పనిచేసింది, పెద్ద బిరుదులిచ్చారు. కానీ కొన్నాళ్ళకే ఆయన మంచం పట్టాడు. ఇక లేవనని ఇంట్లోవాళ్ళతో చెప్పాడట, ఆ రోజు మందు పనిచేయకపోతే చావే అనుకున్నప్పుడు పట్టిన దడ ఇది, దీనికి మందు లేదు అని. అలాగే పోయాడు. ఇది మింగ్ వంశం అధికారిక చరిత్రలోనే ఉంది.

చివరిది చింగ్ చక్రవర్తి గ్వాంగ్‌షూ. 1898లో పెద్దమ్మ సీషీ ఆయన్ని నిర్బంధించాక అసలు బతికి ఉన్నాడా అని విదేశీ రాయబారులకి అనుమానం వచ్చింది. అక్టోబర్లో ఫ్రెంచి రాయబార కార్యాలయం డాక్టరు లోపలికి వెళ్ళి ఆయన్ని పరీక్ష చేశాడు. చక్రవర్తి ఒళ్ళు పరాయి దేశం డాక్టరు చేతిలో పెట్టి, బతికే ఉన్నాడని రుజువు చూపించాల్సిన పరిస్థితి. 1908 నవంబర్ 14న ముప్పై ఏడేళ్ళ వయసులో పోయాడు, మర్నాడే సీషీ పోయింది. నూరేళ్ళ తర్వాత 2008లో ఆయన జుట్టు పరీక్ష చేసి, ఆర్సెనిక్ విషంతో చనిపోయాడని చైనా ప్రకటించింది. ఎవరు పెట్టారనేది ఆ జుట్టు చెప్పదు. కానీ పదేళ్ళ పాటు నాడి చూసి కాగితాల మీద రాసిన అన్ని మాటల్లో లేని సంగతి ఒక వెంట్రుకల కట్టలో దొరికింది.

నిడదవోలు అమ్మాయి:

షూ షెన్ భాగం రెండుసార్లు చదివాను. సిస్టర్ గారూ, ఆ పాత కత్తి ఫోటో ఫోన్లో నాన్నకి చూపించాను. చాలాసేపు చూశారు, ఏమీ అనలేదు. నిన్న సాయంత్రం మాత్రం తనంతట తనే మా చిన్నాన్నకి ఫోన్ చేసి, ఫలానా జబ్బు వచ్చింది, ఆపరేషన్ అయింది, ఇప్పుడు బాగున్నాను అని ఉన్నదున్నట్టు చెప్పారు. అవతల కాసేపు మాట లేదు. తర్వాత చిన్నాన్న తనకీ ఏడాదిగా ఉందన్నాడు. సోమవారం చూపించడానికి తీసుకెళ్తున్నాం. ఏం అడగాలో, ఏం టెస్టులు చేయించాలో సిస్టర్ గారు చెప్తే రాసుకుంటాను.

ఓటీ సిస్టర్:

తప్పకుండా. ముందు ఆయనకి షుగర్ ఉందేమో చూపించండి, షుగర్ ఉంటే పుండు మానడం ఆలస్యమవుతుంది. ఫిస్టులా దారి ఎంత లోతుగా, ఎటు పోయిందో తెలియాలంటే అవసరమైతే ఎమ్మారై రాస్తారు, ఖర్చని వెనకాడొద్దు. మలద్వారం చుట్టూ ఉండే బిగుతు కండరంలోంచి దారి పోయిందా అని డాక్టర్ని అడగండి, ఆపరేషన్ ఎలా చెయ్యాలనేది దాన్ని బట్టే ఉంటుంది. దగ్గులూ జ్వరాలూ తగ్గకుండా ఉంటున్నాయా, బరువు తగ్గాడా, ఇవి కూడా సిగ్గుపడకుండా చెప్పమనండి, ఒక్కోసారి టీబీ వల్ల కూడా వస్తుంది. కారులో కూర్చోవడానికి మెత్తటి దిండు ఒకటి పెట్టండి. సోమవారం రాత్రికి ఏమన్నారో ఇక్కడ రాయి.